ఆదివారం దాకా ఆగని ఓటు

ఫుజైరా తీరంలో ఓడలకు చమురు నింపే బార్జి ఒకటి ఆ ఉదయం పని ఆపేసింది. పైపుకి ఏదో అడ్డుపడిందని వాల్వు విప్పి చూశారు. అడ్డుపడింది మనిషి చెయ్యి. మిగతా మనిషి ట్యాంకులో ఉన్నాడు.

పేరు పోశయ్య. కరీంనగర్ వైపు వాడు. బార్జి మీద తాళ్లు లాగే పని. బయటికి తీసి పడుకోబెట్టేసరికి మొహం కళ్లూ ముక్కూ లేని తారుముద్దలా ఉంది. చేతి గోళ్లు ఊడిపోయి ఉన్నాయి. అంటే ట్యాంకు మూత బిగించినప్పుడు వాడు బతికే ఉన్నాడు. లోపలినుంచి ఇనుమును గీకాడు.

కంపెనీవాళ్లు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. కానీ బార్జి మీద చాటుగా విన్న మాటల్ని పోశయ్య ముందురోజు సాయంత్రం ఒక ఎస్సెమ్మెస్‌లో పంపాడు. అది ఢిల్లీ దాకా వెళ్లి, తిరిగి అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక టైర్ల గ్యారేజీకి చేరింది.

ఆ గ్యారేజీలోకి మధ్యాహ్నం ఎండలో ఒక బక్కపలచటి మనిషి నడిచివచ్చాడు. నలభై దాటిన వయసు, మాసిన చొక్కా. ఎవరూ రెండోసారి తిరిగి చూడని మొహం.

"స్టెప్నీ ఉందా?" అన్నాడు.

"ఉంది. గాలే లేదు," అన్నాడు కౌంటర్లో కూర్చున్న పెద్దాయన.

"గాలి నేను కొట్టుకుంటా."

కోడ్ సరిపోయింది. షట్టరు దిగింది.

కౌంటర్లో ఉన్నది పెద్దిరాజు. పైకి స్పేర్ పార్ట్స్ వ్యాపారి. లోపల భారత ఇంటెలిజెన్స్‌కి ఎమిరేట్స్ స్టేషన్ చీఫ్. వచ్చినవాడు ఏజెంట్ హయాత్ బాషా, కడప జిల్లా మనిషి. ఏడేళ్లలో నాలుగు ఆపరేషన్లు చేశాడు. ఒక్కదాని గురించి కూడా ఇంట్లో చెప్పలేదు.

"మనకు కబుర్లు అందించే పోశయ్య మెసేజ్ ఇది," పెద్దిరాజు ఫోన్ తిప్పి చూపించాడు. 'స్విస్ ఎలక్షన్. పోటీ చేసే ఆడమనిషిని లేపేస్తరు. ఇరికిచ్చేది మనోణ్ని. ఐకాడ్ క్రేన్ ఆపరేటర్ ఆసిమ్.'

బాషా చదివి ఫోన్ వెనక్కి ఇచ్చాడు.

"చూడవయ్యా. అక్టోబర్ ఇరవై ఒకటి, ఆదివారం, స్విట్జర్లాండ్‌లో పార్లమెంటు ఎన్నిక. వెరేనా ఆల్ట్‌హౌస్ అని ఒకావిడ అబుదాబిలో ఉంటూనే నిలబడింది. బయటి దేశాల్లో ఉన్న స్విస్ వాళ్ల తరఫున. యుద్ధాలు జరిగేచోటికి తమ దేశపు తుపాకులు అమ్మకూడదు అంటుంది. 'గ్లేసియర్' అని తుపాకుల బ్రోకర్ల ముఠా ఉంది. వాళ్లకు ఈవిడ గొంతులో ముల్లు. ఊరికే చంపితే జనం జాలిపడి ఆ పార్టీకే ఓట్లు వేస్తారు. అదే ఒక ముస్లిం లేబరు చంపాడంటే? ఈవిడా పోతుంది, ఈవిడ మాటా పోతుంది. విదేశీయుల్ని తరమండి అనేవాళ్లకు పండగ."

"ఆ ఆసిమ్‌కి తెలుసా?"

"ఏం తెలీదు. టీవీ షూటింగ్ అని చెప్పి క్రేన్ ఎక్కిస్తారు. కాల్చేది లోథార్ ఫ్రిక్, గ్లేసియర్ షూటరు. పోశయ్యని ట్యాంకులో వేసింది కూడా వాడే. తర్వాత సెక్యూరిటీ గార్డు వేషంలో ఉన్న ఒకడు క్రేన్ ఎక్కి ఆసిమ్‌ని కాల్చేసి హీరో అవుతాడు. తుపాకీ శవం పక్కన దొరుకుతుంది. ఇదంతా మన సోర్స్ 'మల్లిక' కన్‌ఫర్మ్ చేసింది."

మల్లిక అంటే తహ్మీనా. హైదరాబాదు అమ్మాయి, వెరేనా ప్రెస్ సెక్రటరీ. దుబాయ్ పార్టీల్లో ఆమె నవ్వితే ముదీర్లు, అంటే పెద్దపెద్ద కంపెనీ మేనేజర్లు, చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టారో మర్చిపోతారని చెప్పుకునేవారు.

"ఎప్పుడంట?"

"పోలింగ్ రోజే. ఇరవై ఒకటి. ఆ రోజు స్విస్ వాళ్లంతా రిజల్ట్స్ చూడటానికి దుబాయ్‌లో ఒక హోటల్లో చేరతారు. హోటల్ పక్కనే ఆసిమ్ కంపెనీ సైటు ఉంది. మన టీమ్ మొత్తం అక్కడే. నువ్వు ఈలోపు ఇక్కడి ఫ్యాక్టరీల పేట ఐకాడ్‌లో, వాడుండే లేబరు క్యాంపులో మెస్ సూపర్‌వైజర్‌గా చేరి ఆసిమ్‌ని కనిపెట్టుకుని ఉండు."

"చెప్పేస్తే పోలా వాడికి?"

"చెప్పావో, వాడి నడక మారుతుంది. ఫ్రిక్ మాయమవుతాడు. వాడు ఎర, బాషా. చేపతో మాట్లాడినా ఫర్వాలేదు గానీ ఎరతో మాట్లాడకూడదు."

పెద్దిరాజు బల్లమీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి వినికిడి మెషీన్‌లా ఉండే రిసీవరు. రెండోది గ్యాస్ పొయ్యి వెలిగించే లైటరు. మీట నొక్కితే మంట రాదు, ఒకే ఒక్క తూటా వస్తుంది. పది గజాల లోపే పనిచేస్తుంది.

*

రంజాన్ నెల. ఐకాడ్ క్యాంపులో మూడొందల మంది. అందులో సగం ఒక్కపొద్దు ఉండేవాళ్లే. బాషా పొద్దున్నే లేచి గంజికి బియ్యం నానబోయించేవాడు, సాయంత్రం ఖర్జూరాలు పంచేవాడు, మధ్యలో ఆసిమ్‌ని చూసేవాడు.

ఆసిమ్‌ది నెల్లూరు. తాటిచెట్టంత పొడుగు, నోరు మూతపడదు.

"ఏంది బాషన్నా, నీ గంజిలో మటన్ యాడ? కోడి కాలు కడిగిన నీళ్లు పోసినావా?"

"తాగితే తాగు, లేకపోతే క్రేన్ మీద గాలి తిను."

"గాలే నయం. దాంట్లో ఉప్పన్నా ఉంటది."

వాడికి కూతురు పుట్టి ఆర్నెల్లయింది. ఇంకా చూడలేదు. సెలవు అడిగితే ముదీర్ 'బోక్రా, బోక్రా' అంటూ రేపటికి తోస్తున్నాడు. ఫోనులో బిడ్డ ఏడుపు వినిపించమని భార్యని బతిమాలేవాడు. బిడ్డ నిద్రపోతుంటే గిల్లమనేవాడు కూడా.

"పాపిష్టోడా, గిల్లమంటావా?" అన్నాడు బాషా ఒకసారి.

"రవ్వంతే అన్నా. గొంతు ఎట్టుందో తెలవాల గదా."

బాషా అటు తిరిగి గంజి కలిపాడు. వాడి మెడ వెనక పుట్టుమచ్చ ఉంది. తూటా పడేది అక్కడేనా అని చూస్తున్నట్టు తనకే తోచి కళ్లు తిప్పుకున్నాడు.

అక్టోబరు అయిదు, శుక్రవారం. వెరేనా ఆల్ట్‌హౌస్ లేబర్లతో కలిసి ఇఫ్తార్‌కి క్యాంపుకి వస్తోంది. ఎన్నిక ఇంకా రెండు వారాలు ఉంది గనక పెద్దిరాజు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. టీముని తీసుకుని దుబాయ్‌లో హోటల్ రిహార్సల్‌కి వెళ్లిపోయాడు.

ఎండ ఇంకా వాలకముందే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, చదునైన చెప్పులు, చెమట. వెనకే తహ్మీనా. నల్లటి అబాయా, మీద క్యాంపువాళ్లు ఆడ అతిథులిద్దరికీ ఒకేలాంటివి ఇచ్చిన తెల్ల దుపట్టా, కళ్లకు కాటుక.

"మెస్ మేస్త్రీ నువ్వేనా?" అంది తహ్మీనా హైదరాబాదీ యాసలో. "జర విను. అజాన్ పడంగనే మేడమ్ పక్కన ఎవ్వరూ కూసోవద్దు. కుర్సీ చుట్టూ ఖాళీ ఉండాలె. ఫోటో ఫ్రేమ్ ఖరాబైతది."

"అట్నే మేడమ్."

వెరేనా తిన్నగా వంటగదిలోకి వచ్చి గంజి డేగిసా మూత తానే ఎత్తి వాసన చూసింది. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉండటంతో హిందీ బాగానే వచ్చు. మాట కలపడానికి బాషా అడిగాడు.

"ఇరవై ఒకటిన మీరు కూడా లైన్లో నిలబడాలా మేడమ్?"

"లైనేమిటి?"

"ఓటు వేయడానికి."

ఆవిడ పెద్దగా నవ్వింది. "నేను నిన్ననే వేసేశాను. ఇంట్లో, టీ తాగుతూ. మా దగ్గర ఓటు కాగితాలు పోస్టులో ఇంటికే వస్తాయి. వంటింటి బల్ల మీద పెట్టుకుని, మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటూ నింపి పోస్టులో వేస్తారు. బూత్‌కి వెళ్లేవాళ్లు తక్కువ. ఆదివారం నాటికి లెక్కపెట్టడమే మిగులుతుంది."

"అయితే ఇప్పుడు..."

"ఇప్పుడే అసలు ఎన్నిక. ఇవాళా రేపూ మా దేశంలో ఆ కవర్లు ఇళ్లకు చేరుతున్నాయి."

బాషా చేతిలో గరిటె ఆగిపోయింది.

పోలింగ్ రోజు అంటే వాళ్లందరికీ ఒకటే బొమ్మ. స్కూలు వరండా, పొడుగాటి లైను, లాఠీ పట్టుకున్న కానిస్టేబులు, వేలిమీద సిరా. పెద్దిరాజు అదే బొమ్మ చూశాడు. ఢిల్లీ అదే చూసింది. తానూ అదే చూశాడు. తహ్మీనా ఇరవై ఒకటి అనగానే ఒక్కడికీ అనుమానం రాకపోవడానికి కారణం అదే. ఆదివారం పడే శవం ఒక్క ఓటును కూడా తిప్పదు. ఇవాళ పడే శవం రేపటి పేపర్లో అచ్చయి, నింపని ఓటు కాగితం పక్కనే వంటింటి బల్ల మీదికి చేరుతుంది.

ఆ సంగతి స్విస్ ఆవిడ కింద పనిచేసే ప్రెస్ సెక్రటరీకి తెలియకుండా ఉంటుందా?

బయటికి వచ్చాడు. కంచె అవతల ఆసిమ్ పనిచేసే ఫ్యాక్టరీ సైటు. శుక్రవారం గనక పని లేదు. టవర్ క్రేన్ కింద కొత్త గార్డు నిలబడి ఉన్నాడు. ఈ దేశంలో వాచ్‌మన్ అన్నవాడు క్రేన్ నీడతోపాటు జరుగుతూ కూర్చుంటాడు. వీడు ఎండలో, నిచ్చెనకి ఎదురుగా నిలబడ్డాడు. క్రేన్ వెనక, అదే వరసలో సగం కట్టిన రేకుల షెడ్డు. రోజూ ఈ వేళకి దాని కప్పు మీద బారులు తీరే పావురాలు ఇవాళ ఒక్కటీ లేవు.

నిచ్చెన మీద సగం ఎత్తులో ఆసిమ్ ఎక్కుతున్నాడు. భుజాన పొడుగాటి నల్ల సంచి.

"బాషన్నా!" పైనుంచి అరిచాడు. "టాప్ యాంగిలంట! తహ్మీనా మేడమ్ నా టికెట్టు పని చూస్తానంది. పండక్కి ఇంటికే!"

బాషా చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి దించి ఫోన్ తీశాడు.

"సార్. ఇవాళే. అజాన్ టైముకి."

"పిచ్చా? పోలింగ్ ఇరవై ఒకటైతే..."

బాషా నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"తహ్మీనా మన మనిషయ్యా," అన్నాడు పెద్దిరాజు.

"మన మనిషే సార్. వాళ్ల మనిషి కూడా."

"నేను బయల్దేరి రావడానికి గంటపైన పడుతుంది. ఇక్కడి సీఐడీకి చెప్పి ముసఫ్ఫా బ్రిడ్జి మూయిస్తాను, ఫ్రిక్ దాటలేడు. ఆ స్విస్ ఆవిడ బతకాలి. అది ఆర్డరు."

"ఆసిమ్?"

"వాణ్ని దించావంటే షెడ్డుమీద ఉన్న ఫ్రిక్ చూస్తాడు, దిగి పారిపోతాడు. వద్దు."

"చస్తాడు సార్."

"లేబర్లు వస్తూ ఉంటారు బాషా. యల్లా, పని చూడు." లైను కట్ అయింది.

బాషా దగ్గర ఉన్నది ఒకే తూటా, పది గజాల దూరం. షెడ్డుకి పోతే క్రేన్ అందదు. క్రేన్‌కి పోతే కుర్చీ అందదు. ఆకాశంలో సూర్యుడు రేకుల అంచుకి మూరెడు పైన ఉన్నాడు. నమాజు గదిలో మైకు ముందు ముసలాయన హబీబుల్లా గడియారం చూస్తూ గొంతు సవరించుకుంటున్నాడు. ఇన్నాళ్లుగా క్యాంపులో అజాన్ ఆయనదే.

బాషా వంటగదిలోకి తిరిగి వెళ్లాడు. "మేడమ్, బియ్యం స్టాకు చూస్తారా?" అని వెరేనాని స్టోరు గదిలోకి తీసుకెళ్లాడు. ఆవిడ బస్తాలవైపు వంగగానే వెనకనుంచి తలుపు లాగి తాళం వేశాడు. లోపలినుంచి ఆవిడ రెండు చేతులతో బాదుతోంది. తలుపు ఇనుముది. బయట జనం గోలలో వినపడలేదు.

ముంగిట్లో పొడుగ్గా పరిచిన ప్లాస్టిక్ గుడ్డల ముందు మూడొందల మంది బారులు తీరి కూర్చున్నారు. మధ్యలో ఎర్ర వెల్వెట్ కుర్చీ ఒక్కటే, షెడ్డుకి వీపు పెట్టి. తహ్మీనా దానికి దూరంగా నిలబడి వాచీ చూసుకుంటోంది.

"మేడమ్ యాడ?"

"చేతులు కడుగుతా ఉంది మేడమ్. వచ్చేలోపల మీరు ఒక్క నిమిషం ఆ కుర్చీలో కూర్చోండి. ఫ్రేము సరిగ్గా వస్తాదో లేదో పైనోడు చూసుకుంటాడంట."

ఆమె వాచీ చూసింది. పొద్దు గుంకాక ఇచ్చే మగ్రిబ్ అజాన్‌కి ఇంకా పది నిమిషాలు ఉంది. వద్దంటే అనుమానం. నవ్వింది. "జల్ది తియ్యమను," అంటూ తెల్ల దుపట్టా తలమీదికి లాక్కుని కుర్చీలో కూర్చుంది. వెనకనుంచి చూస్తే ఒక తెల్ల తల, ఎర్ర కుర్చీ. అంతే.

బాషా నమాజు గదిలోకి నడిచి హబీబుల్లాని పక్కకి నెట్టి మైకు అందుకున్నాడు.

"యాందిరా? ఇంకా పొద్దు గుంకల్యా!"

"అల్లాహు అక్బర్..."

"పాపిష్టోడా! ఒక్కపొద్దులు చెడగొడ్తావురా!"

ముసలాయన గుడ్డ పట్టుకుని లాగుతున్నాడు. బాషా తానూ ఉపవాసమే ఉన్నాడు. నాలుక అట్టకట్టుకుపోయి ఉంది. అయినా గొంతు వణకలేదు. బయట మూడొందల తలలు ఖర్జూరాల మీదికి వంగాయి. ఏడాది మొత్తంలో ఎవడూ తలెత్తి చూడని క్షణం అదే. తహ్మీనాకి అర్థమైంది. కుర్చీలోంచి లేవబోయింది. సగమే లేచింది.

షెడ్డు మీంచి చప్పుడు కూడా సరిగ్గా రాలేదు, దుప్పటి దులిపినట్టు వచ్చింది. తెల్ల దుపట్టా ఎర్రబడింది. ఆమె ముందుకు వంగి గంజి గిన్నెల మీద పడింది. పక్కనున్నవాడు ఖర్జూరం నోట్లో పెట్టుకుని, నమలడం మర్చిపోయి చూస్తున్నాడు.

బాషా మైకులో అజాన్ ఆపేసి తెలుగులో అరిచాడు.

"ఆసిమ్! ఆ సంచి కింద పారెయ్! క్యాబిన్ వదిలెయ్, జిబ్ చివరికి పో! కిందోడు నిన్ను చంపనీకి వస్తాండాడు! పోరా నాయనా, పో!"

గార్డుకి తెలుగు రాదు. ఫ్రిక్‌కి రాదు. పైనున్న ఆసిమ్‌కి వచ్చు. ఎందుకని అడగలేదు. సంచి వంద అడుగుల కిందికి పడింది, లోపలి తుపాకీ ఇసుకలో విరిగింది. వాడు క్యాబిన్ కిటికీలోంచి బయటికి వచ్చి, జిబ్ అనే ఆ సన్నటి ఇనుప చేయి మీద బోర్లా పడుకుని పాకడం మొదలుపెట్టాడు.

గార్డు అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. బాషా కంచె దూకి పరిగెత్తి వాడి వెనక ఎక్కాడు. పైకి చూస్తే బూటు అడుగులు, వాటి మీద ఆకాశం. పది గజాలు అందేలోపు గార్డు క్యాబిన్ చేరాడు. ఖాళీగా ఉంది. బూతు తిట్టి కిటికీలోంచి చెయ్యి చాచి కాల్చాడు. ఒకటి. రెండు. బాషా లైటరు మీట నొక్కాడు. తూటా గడ్డం కిందనుంచి దూరింది. గార్డు క్యాబిన్ గడప మీద వేలాడిపోయాడు.

బాషా తల ఎత్తాడు. జిబ్ మీద ఆసిమ్ ఒక చేత్తో వేలాడుతున్నాడు. రెండో భుజం నెత్తుటి ముద్దలా ఉంది.

"పట్టుకో రా! వస్తాండా!"

"అన్నా..." అన్నాడు ఆసిమ్. బాగా ఆశ్చర్యపోయినట్టున్నాడు. "నన్నెందుకన్నా?"

అన్నాక వేళ్లు విడిపోయాయి.

*

ముసఫ్ఫా బ్రిడ్జి మీద ఫ్రిక్ దొరికాడు. వెరేనా స్టోరు గదిలో బియ్యం బస్తా మీద కూర్చుని దొరికింది, చేతులు వాచిపోయి. పొద్దు గుంకకముందే ఉపవాసం విరిగినందుకు హబీబుల్లా, ఇంకో ఇరవై మంది కలిసి బాషాని కొట్టారు. ఎవడో చెప్పుతో మొహం మీద కొట్టాడు. పండగ తర్వాత అందరూ ఇంకొక్కపొద్దు ఉండాల్సిందే. బాషా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

పేపర్లలో ఒక అమ్మాయి దారితప్పిన తూటాకి, ఒక ఆపరేటరు క్రేన్ ప్రమాదంలో పోయారని వచ్చింది. రెండు వార్తలూ వేరువేరు పేజీల్లో.

ఆసిమ్ భార్యకి ఫోన్ చేయాల్సింది మెస్ సూపర్‌వైజరే.

"కాలు జారిందమ్మా."

"ఎట్టా జారద్దన్నా? ఏడేళ్లనుంచి ఎక్కతా ఉండె." వెనక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. "సంచి ఏందో పట్టుకుని ఎక్కినాడంట గదా. ఎవురిచ్చినారు?"

"తెల్దమ్మా," అన్నాడు బాషా. అతను ఆ నెలలో చాలా అబద్ధాలు ఆడాడు. ఈసారి మాత్రం బిడ్డ ఏడుపు ఆగేదాకా ఫోన్ పెట్టేయలేదు.

ఎన్నిక మర్నాడు, సోమవారం, టైర్ల గ్యారేజీలో పెద్దిరాజు రెండు కప్పుల టీ పోశాడు. ఢిల్లీ నుంచి మెచ్చుకోలు వచ్చింది.

"ఆర్డరు దాటి మైకులో అరిచావు. రిపోర్టులో రాయలేదులే," అన్నాడు. "టీ తాగు."

"గెలిచిందా సార్ ఆవిడ?"

పెద్దిరాజు కప్పు బల్లమీద పెట్టాడు.

"లేదు. వాళ్ల పార్టీలో వేరేవాళ్లు గెలిచారు. అక్కడ ఇంకో పద్ధతి ఉందంటయ్యా. ఓటరు పార్టీ లిస్టు చేతిలోకి తీసుకుని, నచ్చని పేరుని పెన్నుతో కొట్టేయొచ్చంట. సొంత పార్టీవాళ్లే చాలామంది ఈవిడ పేరు కొట్టేశారు."

బాషా టీ ముట్టకుండా లేచాడు. షట్టరు ఎత్తి, ఎండలోకి అడుగుపెట్టబోతూ ఆగాడు.

"ఆ ఫ్రిక్ గాడికి ముందే ఎవురన్నా ఒక పెన్ను కొనిచ్చింటే సరిపోయేది సార్."